గరగ ఎత్తిన హవల్దారు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. హవల్దారు వీరవెంకటరమణ విషయంలో ఇది తిరగబడింది. రచ్చ ముందే గెలిచేశాడు. ఈశాన్యం కొండల అడవుల్లో తుపాకులు పట్టిన తిరుగుబాటుదారుల మధ్య నుంచి తన జట్టునంతా ప్రాణాలతో బయటికి తెచ్చినందుకు సర్కారు సేనా మెడల్ ఇచ్చింది. పెద్ద జనరల్ ఒకాయన స్వయంగా ఛాతీకి గుచ్చి, భుజం తట్టాడు. ఇక మిగిలింది ఇల్లు. ఆ ఇంట్లో వీరాయమ్మ ఉంది.

వీరాయమ్మ రమణ తల్లి. కాట్రేనికోన అవతల, కాలవ గట్టున ఉన్న ఆ ఊళ్ళో కువైట్ వీరాయమ్మ అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. మొగుడు రాఘవులు కొబ్బరి దింపుకి వెళ్ళి చెట్టు మీంచి జారిపడి పోయాక, బడికెళ్ళే రమణని తన తల్లి దగ్గర వదిలి, పాస్‌పోర్టు చేయించుకుని కువైట్ వెళ్ళిపోయింది. అక్కడ ఎవరింట్లోనో వంట, వాళ్ళ పిల్లల చాకిరీ. రమణకి మీసాలు వచ్చేదాకా అమ్మంటే ఫోన్లో గొంతే.

శుక్రవారం ఫోన్ వచ్చేది. ఫోన్ చేతికి ఇచ్చేముందు అమ్మమ్మ ప్రతిసారీ ఒకటే చెప్పేది. "కష్టం చెప్పకురా. అక్కడ ఒక్కత్తే ఉంటది. విని ఏం చేయగలదు, ఏడవడం తప్ప." అంచేత జ్వరం కాసినా, మాస్టారు చితక్కొట్టినా, రమణ "బాగున్నానమ్మా" అనేవాడు. అటువైపు నుంచీ అంతే. "నాకేంట్రా, దొరసాన్లా ఉన్నాను." మరిగే నూనె పడి ఆవిడ ముంజేయి మోచేతిదాకా కాలిన సంగతి, ఆవిడ తిరిగొచ్చి విమానాశ్రయంలో చెయ్యి ఊపినప్పుడు గానీ వీళ్ళకి తెలియలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "ఫోన్లో చెప్పుకునేవా ఇవి" అంది, అదేదో అడక్కూడని మాట అడిగినట్టు. గల్ఫ్‌కి మనిషిని పంపిన ఇళ్ళన్నిట్లో ఉన్న పద్ధతే ఇది. ఎవరూ నేర్పరు, అందరికీ వస్తుంది. ఫోను ఉన్నది క్షేమం చెప్పుకోడానికి.

కాలవ గట్టు మీద పరుగెత్తి పరుగెత్తి, కాకినాడలో భర్తీ మేళాకి వెళ్ళి రమణ సైన్యంలో చేరాడు. మనిషి ఎక్కువ మాట్లాడడు. గట్టిగా అరవడు. అయినా అతను "పదండి" అంటే జవాన్లు లేచేవాళ్ళు. ఎందుకంటే, బూట్లు విప్పేముందు ఎవడి కాలికి బొబ్బలు లేచాయో చూసేవాడు, అందరూ తిన్నాకే పళ్ళెం పట్టేవాడు. ఇందులో గొప్పేం లేదు, అమ్మమ్మ పెంపకం. అలా హవల్దారయ్యాడు, పదిమంది జవాన్లుండే ఒక సెక్షన్‌కి పెద్దయ్యాడు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం పాత పద్ధతే. "బాగున్నానమ్మా." ఇటువైపు నుంచి, "నాకేంట్రా."

ఆ అడవి సంగతి కూడా చెప్పుకోవాలి. వానాకాలం. ఒక లెఫ్టినెంట్, ఆయన కింద రమణ సెక్షన్, కొండ మీద గాలింపు ముగించుకుని వెదురు పొదల మధ్య నుంచి దిగి వస్తున్నారు. దారిలో పాతిపెట్టిన మందుపాతర పేలింది. వెంటనే వాగు అవతల రాళ్ళ వెనక నుంచి కాల్పులు. లెఫ్టినెంట్ తొడ చీలి పడిపోయాడు. ఇంకో ఇద్దరికి ఇనప ముక్కలు దిగాయి. ఇక ఆజ్ఞ ఇవ్వాల్సింది రమణ.

రమణ లేచాడు, లేస్తూనే పడ్డాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు. ఒళ్ళు తడుముకుంటే గాయం లేదు. ఎడమ చెవి మూసుకుపోయింది, వెదుళ్ళన్నీ తన చుట్టూ గిర్రున తిరుగుతున్నాయి. దెబ్బ తిన్న నాయకుణ్ణి జవాన్లు ఓర్చుకుంటారు. తాగినవాడిలా తూలే నాయకుణ్ణి ఓర్చుకోరు. వీడికే దారి తెలియడం లేదు, మనల్ని ఏ గోతిలోకి తీసుకెళ్తాడో అనుకుంటారు. అనుకున్నారంటే చెదిరిపోతారు, చెదిరితే ఒక్కడూ మిగలడు. ఇదంతా రమణకి ఒక్కసారిగా తట్టింది. పక్కన శ్యామ్ సుందర్ అని హర్యానా కుర్ర నాయక్ ఉన్నాడు. అతన్ని పిలిచి హిందీలో అన్నాడు. "నా వెనక నడుం బెల్టు పట్టుకో. నేనెటు ఒరిగితే దానికి ఎదురు లాగు. నన్ను నిలబెట్టడం నీ పని. మిగతాది నా పని."

అలాగే జరిగింది. ఇద్దర్ని మెషిన్‌గన్‌తో రాళ్ళ వైపు కాలుస్తూ ఉండమన్నాడు. మిగతావాళ్ళ చేత లెఫ్టినెంట్‌ని మోయించి వాగు పల్లంలోకి దింపాడు. తను చివర నడిచాడు, చేత్తో సైగలు చేస్తూ, వెనక బెల్టు పట్టుకుని శ్యామ్ సుందర్. సాయం వచ్చి కలిసేదాకా ఆ కుర్రాడు చెయ్యి వదల్లేదు. అందరూ బతికారు. లెఫ్టినెంట్‌కి కాలు కూడా దక్కింది.

మెడల్ ఇచ్చేటప్పుడు చదివిన ప్రశంసలో, హవల్దారు శత్రువు కాల్పుల మధ్య నిటారుగా నిలబడి జట్టును నడిపించాడని ఉంది. నిటారుగా నిలబడ్డమాట నిజమే. రమణ ముందే ఆ రాసే మేజర్‌తో బెల్టు సంగతి చెప్పాడు కూడా. మేజర్ నవ్వి, "మెడల్ కాగితంలో బెల్టుల గురించి రాయరు" అన్నాడు. శ్యామ్ సుందర్‌కి మెచ్చుకోలు పత్రం ఒకటి ఇచ్చారు.

ఎడమ చెవి మాత్రం తిరిగి రాలేదు. లోపల తూకం నిలిపే నరమేదో దెబ్బతిందని డాక్టరు చెప్పాడు. మామూలు నేల మీద నడక బాగానే ఉంటుంది. తల చటుక్కున తిప్పినా, చెవి పక్క పెద్ద మోత అయినా నేల ఒరిగిపోతుంది. సైన్యం అతన్ని అడవుల నుంచి తీసి, కొత్త కుర్రాళ్ళకి శిక్షణ ఇచ్చే చోట వేసింది. ఈ సంగతి ఇంట్లో భార్య సత్యశ్రీకి తెలుసు, ఆసుపత్రికి వచ్చి చూసింది గనక. తల్లికి తెలియదు. ఆసుపత్రి మంచం మీంచి కూడా ఆవిడతో, కుడి చెవికి ఫోన్ పెట్టుకుని, "బాగున్నానమ్మా" అనే అన్నాడు.

వీరాయమ్మ ఊరుకునే మనిషి కాదు కదా. పేలుడు వార్త టీవీలో చూసిన రోజే అమ్మవారి గుడికి పరుగెత్తి మొక్కేసింది. "నా కొడుకుని ఒంటిమీద ఒక్క గీటు పడకుండా ఇంటికి పంపు తల్లీ. తీర్థానికి వాడి నెత్తిన నీ గరగ ఎత్తిస్తాను. ఊరంతా తిప్పిస్తాను." నిజంగానే ఒంటిమీద గీటు లేకుండా వచ్చాడు. ఇంకేం. ఎవరు గుమ్మంలోకి వచ్చినా, "చూడండి, అంత పేలుడైతే మా వోడికి ఒక్క గీటు లేదు, ఆ తల్లి చేతులడ్డం పెట్టింది" అని, రమణ చొక్కా ఎత్తి వీపు చూపించేది. మెడల్ వచ్చిన మొనగాడు, నలభైకి దగ్గర పడ్డవాడు, చిన్నపిల్లాడిలా చొక్కా ఎత్తించుకుని నిలబడేవాడు. సత్యశ్రీ తల తిప్పేసుకునేది.

గరగంటే ఆ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇత్తడి పాత్ర, దాని వెనక పాము పడగలా ఎత్తుగా లేచిన రేకు, పసుపూ కుంకుమా వేపమండలూ. అమ్మవారే అందులో ఉందని లెక్క. నెత్తిన ఎత్తినవాడు డప్పుల వెంట వీధులన్నీ తిరిగి గుడికి చేర్చాలి. మధ్యలో దించకూడదు. కింద పడిందా, ఆ ఏడు ఊరికి మంచిది కాదంటారు. పడేసినవాడి ఇంటిని ఊరు ఎంతకాలం చెప్పుకుంటుందో వేరే చెప్పాలా.

సెలవు మీద వచ్చిన రమణ ఊళ్ళో వింతగా తిరుగుతున్నాడు. తమ తోటకి వెళ్ళాలంటే బోదె కాలవ మీద అడ్డంగా వేసిన తాటి పట్టె దాటాలి. పుట్టినప్పట్నుంచీ పరుగెత్తి దాటిన పట్టె. ఇప్పుడు రోడ్డు చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. "పెద్దోడయ్యేడు కదండీ, నలుగుర్నీ పలకరించుకుంటా వెళ్తన్నాడు" అని జనం మెచ్చుకున్నారు.

"అత్తయ్యగారికి చెప్పేయండి" అంది సత్యశ్రీ, పెరట్లో బట్టలు ఆరేస్తూ. "ఆవిడేం చిన్నపిల్లా?"

"ఏమని చెప్పను. గీటు పడలేదని ఊరంతా చెప్పుకుంటంది. లోపల పడిందే అని చెప్పనా? అమ్మవారు సగమే విన్నాదని చెప్పనా?"

"మరి గరగ పడితే?"

"పడదు."

"పడితే అంటన్నానండి."

రమణ నూతి దగ్గరికి వెళ్ళాడు. ఇత్తడి బిందె నిండా నీళ్ళు పోసి, నెత్తిన పెట్టుకుని పెరట్లో కొబ్బరి చెట్ల మధ్య నడిచాడు. బాగానే నడిచాడు. మర్నాడూ నడిచాడు. చుక్క తొణకలేదు. "చూసేవా" అన్నాడు భార్యతో. పెరట్లో డప్పులు లేవన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. యుద్ధంలో ఆరితేరినవాళ్ళు కూడా ఇలాంటి చోటే బోల్తా పడతారు.

ఒకసారి గరగల పెద్ద బంగారరాజు దగ్గరికి కూడా వెళ్ళాడు. ముసలాయన ఏళ్ళ తరబడి గరగ ఎత్తి మెడ బిగుసుకుపోయిన మనిషి. "బాబాయిగారూ, మొక్కు నాదే గానీ, నా బదులు ఇంకోళ్ళు ఎత్తొచ్చాండి?" అని అడిగాడు.

"మొక్కింది నీ నెత్తి, బాబూ. నెత్తి మార్చడం కుదరదు. ఏం, బరువా? తుపాకీ మోసినోడివి."

"ఆయ్, అబ్బే, ఊరికే అడిగేనండి" అని వచ్చేశాడు. తల్లి దగ్గర కూడా ఒకసారి కూర్చున్నాడు. ఆవిడ కొబ్బరి కోరుతోంది. అమ్మా అన్నాడు. ఏంట్రా అంది. ఆ ఒక్క మాటా నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "బాగున్నావా" అన్నాడు. "నాకేంట్రా" అంది ఆవిడ, నవ్వుతూ. ఎదురెదురుగా కూర్చుని కూడా ఆ తల్లీకొడుకులు ఫోన్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు.

అమ్మవారి జాతర, తీర్థం రోజు వచ్చింది. గుడి కమిటీ ప్రెసిడెంటు సూరిబాబు సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాడు. అందులో సూరిబాబు తల పెద్దది, మెడల్ వచ్చినవాడి తల చిన్నది. సాయంత్రం ఎండ తగ్గాక రమణ తలస్నానం చేసి, పసుపు పంచె గోచీ పోసి, నడుముకి ఎర్ర గుడ్డ బిగించి వచ్చాడు. బంగారరాజు అతని నెత్తిన చుట్టకుదురు పెట్టి గరగ నిలిపాడు. ఊరంతా దణ్ణం పెట్టింది. పిల్లలు ఫోన్లు పైకెత్తారు. డప్పులు మొదలయ్యాయి.

మొదటి వీధి గడిచింది. డప్పులు వెనక ఉన్నాయి. రెండో వీధి మలుపు తిరగ్గానే డప్పులవాళ్ళు పక్కకొచ్చి, హుషారుగా, రమణకి మిగిలిన కుడి చెవికి దగ్గరగా దరువు మార్చారు. సిమెంటు రోడ్డు పడవలా ఒరిగింది. రమణ ఎడమకి తూలాడు. సర్దుకోబోయి కుడికి తూలాడు. రెండు చేతులూ గరగకి వెళ్ళాయి. ఒళ్ళంతా వణుకు.

"అమ్మ వచ్చింది, అమ్మ వచ్చింది" అని ఎవరో ఆడమనిషి కేక పెట్టింది.

ఇక చూసుకోండి. పూనకమంటే ఊరు చేసే మర్యాదలన్నీ మొదలయ్యాయి, అవన్నీ రమణకి గోరుచుట్టు మీద రోకటిపోట్లే. డప్పులు ఇంకా దగ్గరికి వచ్చాయి. సాంబ్రాణి పొగ మొహానికి పట్టారు. ఆడవాళ్ళు బిందెలతో పసుపు నీళ్ళు కాళ్ళ మీద కుమ్మరించారు, సిమెంటు జారుడుబండ అయిపోయింది. సూరిబాబు చేతులు జోడించి, "తల్లీ, ఈ పంటకైనా రొయ్యకి తెగులు రాకుండా చూడమ్మా" అన్నాడు. ఇంకొకాయన మస్కట్ వీసా గురించి అడగడానికి తోసుకొస్తున్నాడు.

రమణకి ఒక్క క్షణం దారి కనిపించింది. తేరగా దొరికిన దారి. ఊగుతూ అలాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోతే చాలు. పూనకం వచ్చినవాడి నెత్తిన గరగని బంగారరాజు అందుకుంటాడు. పడదు, ఎవరూ తప్పు పట్టరు. పైగా మెడల్ వచ్చినవాడి మీదికి అమ్మవారే వచ్చిందని గొప్పగా చెప్పుకుంటారు. మోకాళ్ళు వంచబోయాడు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ వీరాయమ్మ వచ్చి, నొప్పి మోకాలు నేలకానించి, అతని పాదాల మీద రెండు చేతులూ వేసింది. నుదురు పాదాలకి తాకింది. "తల్లీ, నా బిడ్డని గీటు పడకుండా ఇచ్చేవు. ఆడికి ఇక ఏ కష్టం రానీకు తల్లీ" అని ఏడ్చేస్తోంది. జాకెట్టు చేతి కింద, మోచేతి నుంచి మణికట్టు దాకా, కాలిన మచ్చ రమణకి పైనుంచి కనిపిస్తోంది. కన్నతల్లి తన కాళ్ళ మీద పడి తనని తల్లీ అంటోంది. రమణ వంచబోయిన మోకాళ్ళు మళ్ళీ నిటారు చేశాడు.

"అమ్మా" అన్నాడు. "అమ్మవారు కాదే. నేనే, రమణని."

ఆవిడ తలెత్తింది.

"నాకు బాగాలేదమ్మా."

ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో ఎవరూ అనని మాట అది. బంగారరాజు చెయ్యి ఎత్తాడు, డప్పులు ఆగాయి. "పేలుడులో ఎడమ చెవి పోయింది. తల తిరుగుతాది, నిలబడలేను. పడిపోతాను గానీ, వెనకనుంచి నడుం పట్టుకోవే" అన్నాడు రమణ, తల కదపకుండా, గరగ పట్టుకునే.

వీరాయమ్మ ఏడుపు ఆగిపోయింది. లేచింది. లేవడానికి ఎవరి చెయ్యీ అందుకోలేదు. వెనక్కి వెళ్ళి, కొడుకు నడుముకి బిగించిన ఎర్ర గుడ్డని గుప్పిట చుట్టి పట్టింది. "గరగ ఎత్తినోణ్ణి కాళ్ళు తప్ప తాకకూడదమ్మా" అన్నారెవరో. బంగారరాజు బిగుసుకుపోయిన మెడతో మొత్తం ఒళ్ళు అటు తిప్పి, "తాకకూడదన్నది మనం. పడకూడదన్నది అమ్మవారు. నడవనీండి" అన్నాడు. డప్పులవాళ్ళని బాగా వెనక్కి పంపాడు.

నడిచారు. ఎటు ఒరిగితే దానికి ఎదురు లాగమని రమణ ఒక్కసారే చెప్పాడు. కువైట్‌లో ఊరికే ఉద్యోగం చేసిందా ఆవిడ, చెప్పిన పని ఒక్కసారి చెబితే చాలు. వీధులన్నీ తిరిగారు. ఒక వీధి విడిచిపెడదామని సత్యశ్రీ అన్నా ఇద్దరూ ఒప్పుకోలేదు. నడుస్తూ నడుస్తూ వీరాయమ్మ అతని ఎడమ భుజం వెనక నుంచి ఏదో అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. జవాబు లేదు. అప్పుడు ఆవిడకి అర్థమైంది, నిజంగా, పూర్తిగా. కుడివైపుకి జరిగింది.

"మరి అడవిలో ఎవరు పట్టుకున్నార్రా?" అని అడిగింది ఈసారి.

"శ్యామ్ సుందర్ అని, ఒక కుర్రాడమ్మా. హర్యానా. బెల్టు పట్టుకుని లాక్కొచ్చేడు."

"ఆడికీ ఇచ్చేరా మెడల్?"

"లేదమ్మా. కాగితం ఇచ్చేరు."

"ఆడికి తల్లుందా?"

"ఉంది."

ఆవిడ పట్టు ఇంకాస్త బిగించింది. ముక్కు రెండుసార్లు చీదింది. గుడి దగ్గర బంగారరాజు గరగ దించాడు. చిటికెడు పసుపు రాలలేదు. వీరాయమ్మ అమ్మవారి ఎదుట నిలబడి, చేతిలో కొబ్బరికాయతో, కాసేపు గట్టిగా చూసింది. అందరూ ఏదో మొక్కుకుంటోందనుకున్నారు. పక్కనున్న రమణకి వినపడింది ఆవిడ అన్నది. "గీటు పడకుండా అనడిగేను. లోపల గురించి అడగడం నా బుద్ధి లేకపోయింది. పోన్లే. ప్రాణం ఇచ్చేవు."

పూజారి పేర్లు అడిగాడు. రమణ పేరు, సత్యశ్రీ పేరు, గోత్రం చెప్పింది. తర్వాత, "శ్యామ్ సుందర్" అంది.

"గోత్రం?"

రమణ తెల్లమొహం వేశాడు. "తెలీదండి. హర్యానా అతను."

"మాదే చదవండి" అంది వీరాయమ్మ. "మా వోణ్ణి పట్టుకున్నాడు, మా గోత్రమే. అమ్మవారు అడిగితే నేను చెప్పేనని చెప్పండి."

పూజారి వాళ్ళ గోత్రం మీదే ఆ పేరు చదివాడు. వీరాయమ్మ కుడిచేత్తో కొబ్బరికాయ కొట్టింది. ఎడమచెయ్యి కొడుకు నడుం గుడ్డనే పట్టుకుని ఉంది. గరగ దించేశారు, ఇక పట్టుకోనక్కర్లేదని ఎవరూ ఆవిడకి చెప్పలేదు.